తాళాల పిల్ల

మన ఇల్లు, వంటింటి బల్ల
ఆదివారం మధ్యాహ్నం

అక్కా,

ఇదంతా ఫోన్లో చెబుదామనుకున్నాను. కానీ నాన్న పక్కన కూర్చుని వింటూ ఉంటే నాకు మాట పెగలదు. నీకూ అంతేగా. తిన్నావా అంటే తిన్నాను, చదువుతున్నావా అంటే చదువుతున్నాను, ఇక ఫోన్ పెట్టేస్తాం. అందుకే ఈ ఉత్తరం. మీ హాస్టల్ వార్డెనమ్మ విప్పి చదవదు కదా?

సంగతేమిటంటే నేను వ్యాపారం మొదలుపెట్టాను. ముందు నవ్వడం కానిచ్చి తర్వాత చదువు.

కళ్ళద్దాల షాపాయన, ఆయన భార్యా ఇద్దరూ కొడుకు దగ్గరికి వెళ్ళిరావాలని ఎప్పటినుంచో అనుకుంటున్నారు. చేపల తొట్టిని ఎవరికి అప్పగించాలో తెలియక ప్రతిసారీ ప్రయాణం మానుకుంటున్నారట. ఆవిడ మెట్ల దగ్గర నిలబడి ఈ కష్టమంతా పాలవాడికి చెప్పుకుంటోంది. నేను పక్కనుంచి పోతూ, మేత నేను వేస్తాను ఆంటీ అనేశాను. ఎందుకన్నానో నాకే తెలియదు. ఆవిడ నన్ను కిందనుంచి పైదాకా చూసి, "నువ్వు మీ అమ్మ కూతురివి కదూ, తాళం నీ చేతికి ఇవ్వచ్చు" అంది.

వాళ్ళు తిరిగొచ్చేసరికి చేపలు బాగానే ఉన్నాయి. ఒకటి పోయింది గానీ అది ముసలిదని వాళ్ళే ఒప్పుకున్నారు. ఆ తర్వాత మాట ఆనోటా ఈనోటా పాకింది. ఇప్పుడు ఎవరు ఊరెళ్ళినా తాళంచెవి నాకే ఇస్తున్నారు. మొక్కలకి నీళ్ళు పోస్తాను, పొద్దున్నే కిటికీలు తెరుస్తాను, చీకటి పడేవేళ వసారాలో దీపం వేస్తాను. నా ఈడు వాళ్ళందరూ ట్యూషన్లకి పరుగెడుతుంటే నేను తాళంచెవుల గుత్తి గలగలలాడించుకుంటూ తిరుగుతున్నాను. వీధిలో నాకు తాళాల పిల్ల అని పేరు కూడా పెట్టారు.

మూల మేడ మీద ఉండే లెక్కల టీచరమ్మ నీకు గుర్తుందా? భర్త కూడా మాస్టారే, రెండేళ్ళ కిందట పోయారు. ఆవిడ మోకాలి ఆపరేషన్‌కి తమ్ముడి ఊరు వెళ్ళింది, కొన్ని నెలలు అక్కడే ఉంటుందట. తాళంచెవులు రెండూ నాకే ఇచ్చింది. ఒకటి నా సంచిలో ఉంటుంది, రెండోది మన వంటింట్లో మేకుకి తగిలించాను. ఏ వస్తువూ తాకవద్దు, కిటికీలు మాత్రం రోజూ తెరువు, గాలి ఆడకపోతే ఇంటికి ముసలి వాసన వస్తుంది అని చెప్పింది.

నాన్నకి ప్రెస్సులో ఓవర్‌టైం పెరిగింది. చీకటి పడ్డాక వస్తాడు, తిని పడుకుంటాడు. మాట్లాడితే గోడకి చెప్పుకున్నట్టే. అమ్మ చెప్పులు ఇంకా గుమ్మం పక్కనే ఉన్నాయి. ఊడ్చేటప్పుడు వాటిని కదపకుండా చుట్టూ ఊడుస్తాను.

నువ్వెప్పుడొస్తావు? అమ్మ పోయాక వెళ్ళినదానివి వెళ్ళినట్టే ఉన్నావు.

నీ పిడుగు


నర్సుల హాస్టల్
వార్డు నుంచి వచ్చాక

ఒసేయ్ పిడుగూ,

నవ్వాను. పక్క మంచం పిల్లకి చదివి వినిపిస్తే అదీ నవ్వింది. మన ఇంట్లో నీ పుస్తకాల సంచి ఎక్కడుందో నీకే తెలియదు, నువ్వు ఊరివాళ్ళ ఇళ్ళకి కాపలానా? ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట.

ఆటపట్టించాను గానీ, సంతోషంగానే ఉంది. నాలుగు మాటలు చెబుతాను విను. ఏ తాళంచెవి ఏ ఇంటిదో పైకి తెలియకూడదు. ఒక్కోదానికి ఒక్కో రంగు దారం కట్టు, ఏ రంగు ఎవరిదో నీకు మాత్రమే తెలియాలి. బీరువాల వైపు కన్నెత్తి చూడకు. స్నేహితులని లోపలికి రానివ్వకు, తలుపు దగ్గర నిలబెట్టి మాట్లాడి పంపెయ్. ఒకరింట్లో చూసింది ఇంకొకరింట్లో చెప్పకు. ఈ పనిలో నీ చెయ్యి ఎంత శుభ్రంగా ఉండాలో నీ నోరూ అంత శుభ్రంగా ఉండాలి.

నాకు సెలవు దొరకడం కష్టం. వార్డు నిండా జ్వరాలే. వచ్చే నెల చూస్తాను.

నాన్నని వేళకి తినమను. అమ్మ చెప్పుల సంగతి నాకు రాయకు.

అక్క


మన ఇల్లు
వాన పడుతోంది

అక్కా,

నువ్వు చెప్పినట్టే దారాలు కట్టాను. లెక్కల టీచరమ్మది నీలం. ఇప్పుడు ఆ నీలం దారం చూస్తేనే నాకు వణుకు.

మొదట గడియారం. ముందుగదిలో పెద్ద గోడ గడియారం ఒకటుంది, కీ ఇచ్చేది. మాస్టారు పోయాక దానికి ఎవరూ కీ ఇవ్వలేదట. నేను తాళం తీసుకున్న రోజు నుంచీ ఆగే ఉంది. ఒక పొద్దున్న తలుపు తీసేసరికి టిక్కు టిక్కుమని నడుస్తోంది. కిటికీ గాలికి కదిలిందేమో అనుకుని నన్ను నేను సమాధానపరచుకున్నాను.

తర్వాత కుర్చీ. బల్ల దగ్గర ఉండే చెక్క కుర్చీ కిటికీ దగ్గరికి వచ్చింది. నేనే జరిపి మరిచిపోయానేమోనని దాన్ని బల్ల కిందికి నెట్టి, బాగా గుర్తు పెట్టుకుని తాళం వేశాను. రెండు రోజులు పోయాక చూస్తే మళ్ళీ కిటికీ దగ్గరే ఉంది. వంటింటి కుళాయి పక్కన గాజు గ్లాసు బోర్లించి ఉంది, దాని కింద తడి ఇంకా ఆరలేదు. వస్తువులు ఏవీ పోలేదక్కా. దొంగ వచ్చి మంచినీళ్ళు తాగి గ్లాసు కడిగి పెట్టి వెళతాడా?

కింది వాటా ఆవిడ నన్ను మెట్ల మీద ఆపింది. మధ్యాహ్నాలు పైన కుర్చీ ఈడ్చిన చప్పుడు వినిపిస్తోంది, నువ్వేనా అని అడిగింది. నేను పొద్దున్నే వచ్చి వెళ్ళిపోతాను, మధ్యాహ్నం స్కూల్లో ఉంటాను అన్నాను. ఆవిడ మొహం పాలిపోయింది. మాస్టారు బతికున్న రోజుల్లో భోజనం కాగానే కుర్చీ కిటికీ దగ్గరికి ఈడ్చుకుని కూర్చునేవారట, కింద ఈవిడ ఆ చప్పుడు విని టైము తెలుసుకునేదట. గడియారానికి కీ ఇచ్చేదీ ఆయనేనట. ఇదంతా చెప్పి గొంతు తగ్గించి, "ఆవిడ ఇంట్లో లేదని తెలిసి మాస్టారే వచ్చారమ్మా" అంది.

ఇప్పుడా ఇంటి తలుపు తీసేముందు నేను దగ్గుతున్నాను. లోపలున్నవాళ్ళు సర్దుకోవడానికన్నట్టు. కిటికీలు తెరిచి వెనక్కి చూడకుండా వచ్చేస్తున్నాను. నీకు నవ్వు రావచ్చు. కానీ ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పు. మాస్టారు రాగలిగితే, అమ్మ ఎందుకు రాలేదు?

నీ పిడుగు


నర్సుల హాస్టల్

పిడుగూ,

నేను చచ్చిపోయినవాళ్ళ కళ్ళు మూసే ఉద్యోగం నేర్చుకుంటున్నాను. వాళ్ళు లేచి గడియారాలకి కీ ఇవ్వరు. గ్లాసులు అసలే కడగరు. అదేదో బతికున్న మనిషి పనే. భయపడాల్సిందీ అందుకే.

రెండో తాళంచెవి ఎక్కడుంది? మేకుకే ఉందా, చూశావా? ఎవరికైనా చెప్పావా? ఆ ఇంటికి ఇక ఒంటరిగా వెళ్ళకు, నాన్నని తోడు తీసుకెళ్ళు. మిషన్ల మనిషి, తలుపు గడియ చూస్తే చాలు, ఎవరైనా కదిపారో లేదో ఇట్టే చెప్పేస్తాడు.

నీ చివరి ప్రశ్న ఉందే, అది నన్నింకెప్పుడూ అడగకు.

ఈ నెల కూడా సెలవు కుదిరేట్టు లేదు.

అక్క


మన ఇల్లు, మెట్ల మీద కూర్చుని

అక్కా,

నాన్నని తోడు తీసుకెళ్ళమన్నావు. ఇది చదివాక కాసేపు ఎవరితోనూ మాట్లాడకు.

నీ ఉత్తరం అందిన రాత్రి మేకు చూశాను. నీలం దారం అక్కడే ఉంది. సరే, ధైర్యం చేసి వ్యాపారం నడిపిద్దామనుకున్నాను. చిన్న కరపత్రాలు వేయించి ఇంటింటికీ పంచాలని ఎప్పటినుంచో ఆశ. నాన్నకి చెప్పకుండా ఆయన ప్రెస్సులోనే వేయిద్దామనుకున్నాను, ఆయన చేతిలోంచే నా పేరు అచ్చయి వస్తే చూసి నవ్వుతాడేమోనని. శుక్రవారం స్కూలు తొందరగా వదిలారు. తిన్నగా ప్రెస్సుకి వెళ్ళాను.

షట్టరు సగం దించి ఉంది. మిషన్లు ఆగి ఉన్నాయి. ఫోర్‌మన్ ఒక్కడే కాగితాలు కట్టలు కడుతున్నాడు. నాన్న ఓవర్‌టైంలో ఉన్నాడా అని అడిగాను. ఆయన కట్ట కట్టడం ఆపి నా వైపు అదోలా చూశాడు. పనులు తగ్గి ఎన్నో నెలలైందమ్మా, మిషన్లు మధ్యాహ్నానికే ఆపేస్తున్నాం, మీ నాన్న భోజనాల వేళకే వెళ్ళిపోతాడు కదా అన్నాడు. ఇంటికి రావడం లేదా అని అడగబోయి ఆగిపోయాడు.

ఇంటికి పరుగెత్తాను. మేకు బోడిగా ఉంది.

మూల మేడ మెట్లు ఎలా ఎక్కానో తెలియదు. తలుపు దగ్గరగా వేసి ఉంది. నెట్టాను. గుమ్మం లోపల నాన్న బూట్లు పక్కపక్కన పెట్టి ఉన్నాయి, పరాయి ఇంటికి చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు పెట్టుకున్నట్టు. ఆయన కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చేతులు మోకాళ్ళ మీద ఉన్నాయి. నిద్రపోవడం లేదు, చదవడం లేదు, బయటికి కూడా చూడడం లేదు. ఉత్తినే కూర్చున్నాడు.

నాన్నా అన్నాను. ఉలిక్కిపడలేదు. వచ్చావా అన్నాడు, నేను వస్తానని తెలిసినట్టు. ఇక్కడేం చేస్తున్నావని అడిగాను. 

"మీ అమ్మ ఈ ఇంట్లో ఎప్పుడూ అడుగు పెట్టలేదు" అన్నాడు. "ఇక్కడ కూర్చుంటే, ఆవిడ మనింట్లో ఉన్నట్టే ఉంటుంది. లేచి వెళితేనే కదా, లేదని తెలిసేది."

 ఆయన తాగిన గ్లాసు కడిగాను. కుర్చీ బల్ల కిందికి నెట్టాను. "ఆగిన మిషన్ చూస్తూ ఊరుకోలేకపోయాను, అందుకే గడియారానికి కీ ఇచ్చాను" అని నాన్న మెల్లగా చెప్పాడు, చిన్నపిల్లాడు ఒప్పుకున్నట్టు. ఇక రానన్నాడు. ఇద్దరం కలిసే నడిచి వచ్చాం. మన గుమ్మం దగ్గర ఆయన ఆగిపోయాడు. నేను ముందు లోపలికి వెళ్ళి దీపం వేశాకే అడుగు పెట్టాడు.

ఆ తర్వాతి రోజూ చీకటి పడ్డాకే వచ్చాడు. ఎక్కడికి వెళ్ళావని నేను అడగలేదు. బూట్ల నిండా దుమ్ము ఉంది.

నన్ను నమ్మి ఇచ్చిన ఇల్లక్కా అది. టీచరమ్మకి చెప్పాలా వద్దా?

నీ పిడుగు


నర్సుల హాస్టల్

పిడుగూ,

చెప్పకు. ఆయన ఆ ఇంట్లో ఏమీ పాడుచేయలేదు. తెలిస్తే వీధిలో తల ఎత్తుకోలేడు, నీకూ ఎవరూ తాళం ఇవ్వరు. కింది వాటా ఆవిడ దెయ్యమనుకుంటే అనుకోనీ. నాలుగు రోజులు మాట్లాడుకుని వాళ్ళే మరిచిపోతారు. రెండో తాళంచెవి కూడా నీ దగ్గరే పెట్టుకో.

నీ ఉత్తరంలో నాన్న చెప్పిన మాటలున్నచోట కాగితం మడత పడి చిరిగింది. అన్నిసార్లు తీసి చదివాను.

డ్యూటీకి వేళయింది.

అక్క


మన ఇల్లు
అంతా అయిపోయాక

అక్కా,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. అప్పటికే చెప్పేశాను. నా మీద కోపం తెచ్చుకోవడానికి ముందు మొత్తం చదువు.

కింది వాటా ఆవిడ ఊరుకోలేదు. టీచరమ్మకి ఫోన్ చేసి కుర్చీ చప్పుడు సంగతి, గడియారం సంగతి పూసగుచ్చినట్టు చెప్పిందట. టీచరమ్మ కుట్లు పూర్తిగా మానకముందే, తమ్ముడు వద్దంటున్నా వినకుండా, చేతికర్ర పట్టుకుని బస్సెక్కి వచ్చేసింది. నన్ను రమ్మని కబురు పెట్టింది. దొంగతనం అంటగడుతుందేమోనని భయపడుతూ వెళ్ళాను.

ఆవిడ మంచం మీద కాలు చాపుకుని కూర్చుంది. కోపంగా లేదు. తల దువ్వుకుంది, ఇస్త్రీ చీర కట్టుకుంది. ఆ మొహం చూసి నాకు ఇంకా భయమేసింది అక్కా. ఎవరికోసమో తయారై కూర్చున్నట్టుంది.

గడియారం నువ్వు ముట్టుకున్నావా అని అడిగింది. లేదన్నాను. కుర్చీ? లేదన్నాను. ఆవిడ కళ్ళు మూసుకుని నవ్వింది.

"జన్మంతా పిల్లలకి లెక్కలు చెప్పాను. రుజువు లేనిదేదీ నమ్మవద్దని చెప్పాను. మొన్న బస్సులో దారి పొడుగునా నమ్ముకుంటూ వచ్చానమ్మా" అంది.

నోరు మూసుకుంటే అయిపోయేది. నాన్న పరువు నిలిచేది, నా పని నిలిచేది, ఆవిడకి ఆయన దక్కేవాడు. అందరికీ లాభమే. కానీ ఆవిడ మధ్యాహ్నం కోసం ఎదురుచూస్తోందక్కా. రేపూ చూస్తుంది, ఎల్లుండీ చూస్తుంది. నాన్న ఇక రానన్నాడు. కుర్చీ ఇక కదలదు. అప్పుడు ఆయన రెండోసారి పోయినట్టు కాదా?

మాస్టారు కాదండీ, మా నాన్న అని చెప్పాను. అమ్మ గురించి నాన్న అన్నదీ చెప్పాను.

 ఆవిడ దువ్విన జుట్టుని చేత్తో ఒకసారి చెరిపేసుకుంది. తాళంచెవులు బల్ల మీద పెట్టి వెళ్ళమంది. పెట్టి వచ్చేశాను. కింది వాటా ఆవిడ చెవిన పడిందేమో, సాయంత్రానికల్లా వీధంతా తెలిసింది. ఇద్దరు ముగ్గురు వచ్చి తాళంచెవులు తీసుకుపోయారు. కళ్ళద్దాల షాపాయన భార్య మాత్రం, చేపలకి నువ్వు అలవాటయ్యావు, మార్చలేను అంది.

నాన్నకి నేనే చెప్పాను. తిడతాడనుకున్నాను. చొక్కా మార్చుకుని, పద అన్నాడు.

టీచరమ్మ గుమ్మం దగ్గర నాన్న తల వంచుకుని నిలబడ్డాడు. తప్పయిందన్నాడు. ఆవిడ లోపలికి రమ్మంది. అరవలేదు. ఒక్కటే అడిగింది, ఆ కుర్చీ రోజూ ఎలా జరిపేవారో అలా ఒకసారి జరపండి అని. నాన్న నా వైపు చూశాడు. తర్వాత బల్ల దగ్గరినుంచి కిటికీ దాకా కుర్చీ ఈడ్చాడు. ఆవిడ కళ్ళు మూసుకుని ఆ చప్పుడంతా విన్నది.

"కాదు. ఆయన ఇలా జరిపేవాడు కాదు" అంది.

నాన్నకి కళ్ళ నీళ్ళు తిరిగాయి. అమ్మ పోయినప్పుడు కూడా మనం చూడలేదే అక్కా, అవి.  టీచరమ్మ స్కూల్లో పిల్లాణ్ణి నిలబెట్టి అడిగినట్టు అడిగింది.

"మీ ఇంట్లో ఉండలేక మీరు మా ఇంటికొచ్చి కూర్చున్నారు. మరి ఈ పిల్ల? ఇది ఎవరింటికి వెళ్ళి కూర్చోవాలి?"

ఆ మాట నాన్నకే కాదు, నాకూ తగిలింది. ఇన్నాళ్ళూ ఇది వ్యాపారమనే అనుకున్నాను. చేపల మేత వేస్తానని ఆ రోజు మెట్ల దగ్గర ఎందుకన్నానో ఇప్పుడు తెలిసింది. స్కూలు వదిలాక మనింటికి తిన్నగా రావడం నావల్ల కాలేదు.

నీకు సెలవు దొరకలేదన్నావు. నాన్నకి ఓవర్‌టైం ఉందన్నాడు. నేనేమో ఊళ్ళోవాళ్ళ కిటికీలు తెరుస్తూ తిరిగాను. మన కిటికీలు ఎవరూ తెరవడం లేదక్కా. జ్వరాల కాలం అయిపోయిందని పేపర్లో చూశాను. నువ్వు రా.

నీ పిడుగు


నర్సుల హాస్టల్
తిరిగి వచ్చిన రాత్రి

పిడుగూ,

బస్సులో నిద్ర పట్టలేదు. మీరిద్దరూ స్టాండులో చెయ్యి ఊపుతూ నిలబడ్డారే, అదే కళ్ళలో ఉంది. నాన్న చెయ్యి ఊపడం నేనెప్పుడూ చూడలేదు. ఆయనకి అది రాదు కూడా, ఈగలు తోలుతున్నట్టుంది.

అక్కడుండగా నీకొక సంగతి చెప్పలేదు. నీ ఎదురుగా చెబితే ఏడుస్తానని ఆగాను. నిన్న సాయంత్రం నువ్వు చేపలకి మేత వెయ్యడానికి వెళ్ళావు చూడు, అప్పుడు జరిగింది.

నేను స్నానాల గదిలో ఉన్నాను. తల మీద నీళ్ళు పోసుకుంటూ ఏదో ఆలోచనలో ఉన్నాను. తువ్వాలు తెచ్చుకోలేదు. అలవాటుగా నోట్లోంచి వచ్చేసింది.

"అమ్మా, తువ్వాలు."

గట్టిగానే అరిచాను, చిన్నప్పటిలా. అరిచాక చెంబు చేతిలోనే ఉండిపోయింది. ఇల్లంతా నిశ్శబ్దమైపోయింది. ఇందుకేనే ఇన్నాళ్ళూ రానిది. ఎప్పుడో ఒకప్పుడు ఇలా పిలుస్తానని, పిలిచాక ఆ తర్వాత వచ్చే నిశ్శబ్దాన్ని వినాల్సి వస్తుందని భయం. వార్డులో ఎన్ని చావులైనా చూస్తాను గానీ, అది వినలేననుకున్నాను. విన్నాను. గోడ పట్టుకుని నిలబడ్డాను.

కాసేపటికి వసారాలో అడుగుల చప్పుడైంది. తలుపు మీద తువ్వాలు పడింది.

"ఇదిగో" అన్నాడు నాన్న.

బట్టలు కట్టుకుని వచ్చేసరికి ఆయన టీ కాచి రెండు గ్లాసుల్లో పోశాడు.  గ్లాసు ఖాళీ అయ్యాక, నీక్కూడా నోట్లోంచి వస్తూ ఉంటుందా అని అడిగాడు. ఇవాళే వచ్చింది నాన్నా అన్నాను.

"నాకు రోజూ వస్తుంది" అన్నాడు. "మధ్యాహ్నం తలుపు తీయగానే పిలుస్తాను. చిన్నది వింటే బెదురుతుందని, అది ఇంట్లో లేని వేళ చూసి పిలుస్తాను."

ఇదంతా నీకు చెప్పమని ఆయన అనలేదు, చెప్పొద్దనీ అనలేదు. నాకు మాత్రం నువ్వు తెలుసుకోవాలనిపించింది. ఇంట్లో ఎప్పుడైనా ఆయన పిలవగా వింటే బెదిరిపోకు. నీ నోట్లోంచి వచ్చినా కంగారుపడి నోరు మూసుకోకు. గట్టిగానే పిలువు. ఆ వేళకి ఇంట్లో ఎవరుంటే వాళ్ళు పలుకుతారు.

అక్క